కంటికి జంట ఆపరేషన్: ముందే తెలుసుకోవాల్సిన ముప్పులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

కంటి వైద్యం గురించి ఇరిగేషన్ ఇంజనీరు మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే, నేను డాక్టర్ని కాను. నాగార్జునసాగర్ కుడి కాలువ మీద, దాని మేజర్ల మీద, మైనర్ల మీద తిరిగి తల నెరిసినవాణ్ణి. అయితే మూడేళ్ళ కిందట మా అమ్మ కుడికంటికి శుక్లం ఆపరేషన్, రెటీనా ఆపరేషన్ ఒకే పూట చేశారు. అప్పుడు ఆరు నెలల పాటు ఆమె పక్కన ఉండి, డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవి చెప్పమని మన సంఘం వాళ్ళు కోరారు. కాబట్టి వైద్యం చెప్పను. ఆసుపత్రికి వెళ్ళే ముందు, ఇంటికి వచ్చాక కుటుంబం తెలుసుకోవలసిన సంగతులే చెబుతాను.

నా మాట ఒక్కటే, దాన్ని ముందే చెప్పేస్తాను. ఈ జంట ఆపరేషన్‌ను మామూలు శుక్లాల ఆపరేషన్ లెక్కన చూడకండి.

ఎందుకు చూస్తామో కూడా చెప్పాలి. మన పల్నాటిలోనూ, ప్రకాశం మెట్టలోనూ ‘కంటాపరేషన్’ అంటే శుక్లాలే. 1996 నుంచి 2000 వరకు మన రాష్ట్రంలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వాళ్ళు హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో 10,293 మందిని పరీక్షించి పెద్ద అధ్యయనం చేశారు. అంధత్వానికి కారణాల్లో మొదటిది శుక్లమేనని అందులోనూ తేలింది. ఆ సంస్థను 1987లో నెలకొల్పిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు మన గుంటూరు మెడికల్ కాలేజీలోనే వైద్యం చదివారు. ఇప్పుడు తాడిగడపలో ఆ సంస్థ ఆసుపత్రి ఉంది, పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, గుంటూరు పెద్దాసుపత్రి ఎటూ ఉంది. మన చిన్నప్పుడు శుక్లం తీయించుకున్న తాతలు సోడాబుడ్డి కళ్ళద్దాలతో తిరిగేవారు. ఈరోజు కుట్టు లేకుండా లెన్సు పెట్టి సాయంత్రానికే ఇంటికి పంపుతున్నారు. వారం తిరగకముందే మనిషి అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు.

ఈ అనుభవమే మనల్ని ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. ‘శుక్లంతో పాటు వెనక పొర కూడా బాగు చేస్తారంట’ అని వినగానే, అదే వారం, అదే ఖర్చు, అదే జాగ్రత్త అనుకుంటాం. పేరు శుక్లానిది, ముప్పు రెటీనాది. ఈ తేడా తెలియకపోతే ఆపరేషన్ ఎంత బాగా జరిగినా ఇంటి దగ్గర దెబ్బ తింటుంది.

కన్ను ఎలా ఉంటుందో రెండు మాటల్లో చెబుతాను. మన తరానికి ఫిలిం కెమెరా గుర్తుంది కదా. ముందు లెన్సు, వెనక ఫిలిం. లెన్సు మసకబారితే శుక్లం. ఫిలిం లాంటి పొర రెటీనా. ఈ రెంటి మధ్య తాటిముంజె లోపలి గుజ్జులాగా, స్వచ్ఛమైన జెల్లీ నిండి ఉంటుంది. దాన్ని విట్రియస్ అంటారు. షుగరు వల్ల ఆ జెల్లీలోకి రక్తం చిమ్మినా, రెటీనా గోడకు రాసిన సున్నంలా ఊడివచ్చినా, నడిమధ్యన చిల్లి పడినా, ఆ జెల్లీని కత్తిరించి తీసేసి రెటీనాను సరిచేస్తారు. దాని పేరు విట్రెక్టమీ.

ఇంజనీరుగా నాకు నచ్చిన చరిత్ర ఒకటుంది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో ప్లాస్టిక్ లెన్సు పెట్టాడు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండుతో శుక్లాన్ని నలగ్గొట్టి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. పళ్ళ డాక్టరు గార తీసే పరికరాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. 1970 ప్రాంతంలో మయామీలో రాబర్ట్ మాకెమెర్ అనే డాక్టరు, జాన్ మరీ పరేల్ అనే ఇంజనీరుతో కలిసి విట్రియస్‌ను కత్తిరించి పీల్చే పనిముట్టు తయారుచేశాడు. దాని మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఇప్పుడు వాడేవి అర మిల్లీమీటరు, అంతకన్నా సన్నవి కూడా. ఈ మూడు దారులూ కలిస్తేనే ఈనాటి జంట ఆపరేషన్.

రెండూ ఒకేసారి ఎందుకు? విట్రియస్ తీసేసిన కంట్లో, ముఖ్యంగా 50 దాటినవాళ్ళలో, శుక్లం త్వరగా ముదురుతుంది. చాలామందికి రెండేళ్ళలోపే రెండో ఆపరేషన్ అవసరమవుతుంది. వెనక జెల్లీ ఆసరా లేని కంట్లో శుక్లం తీయడం కాస్త కష్టం కూడా. పైగా శుక్లం అడ్డుంటే సర్జన్‌కు రెటీనా సరిగ్గా కనబడదు. ఒకేసారి అయితే ఒక మత్తు, ఒక ప్రయాణం, ఒకసారి పని మానుకోవడం. వినుకొండ నుంచో, మార్కాపురం నుంచో వచ్చేవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. అయినా అందరికీ ఒకేసారి చేయరు. కొన్ని కళ్ళకు విడివిడిగా చేయడమే మేలని డాక్టర్లు నిర్ణయిస్తారు. అలా చెబితే డబ్బుకోసం రెండుసార్లు తిప్పుతున్నారని అనుకోవద్దు.

ఇక ముప్పుల సంగతి. మా అమ్మ విషయంలో నేను నోటుబుక్కులో రాసుకున్నవన్నీ చివరికి మూడు లెక్కల్లోకి వచ్చాయి: కంటి లెక్క, ఒంటి లెక్క, ఇంటి లెక్క.

మొదటిది కంటి లెక్క. కంటి ముందుగది లోతు తక్కువగా ఉండటం, ముందే నీటికాసులు ఉండటం, గతంలో కంటి లోపల వాపు వచ్చి ఉండటం, కంటిపాప సరిగ్గా విప్పారకపోవడం, పెద్దవయసులో లెన్సు మీద పొట్టులాంటిది పేరుకుని లెన్సును పట్టుకునే దారాలు బలహీనపడటం, ఇవన్నీ ఆపరేషన్ తర్వాత చిక్కులు పెంచుతాయి. శుక్లం బాగా ముదిరి రాయిలా గట్టిపడితే దాన్ని పగలగొట్టడానికి ఎక్కువ అల్ట్రాసౌండు వాడాల్సి వస్తుంది. అప్పుడు ముందుండే కార్నియా వాస్తుంది. వీటిని మనం మార్చలేం కానీ దాచకుండా చెప్పగలం. పాత ఆపరేషన్లు, దెబ్బలు, వాడిన చుక్కల మందులు అన్నీ చెప్పాలి. మగవాళ్ళకు ఒక ప్రత్యేక మాట. మూత్రం ఇబ్బందికి, ప్రోస్టేటుకు టామ్సులోసిన్ అనే బిళ్ళ చాలామంది వాడుతుంటారు. అది వాడినవాళ్ళకు ఆపరేషన్ మధ్యలో కంటిపాప చుట్టూ ఉండే ఐరిస్ పట్టు తప్పి వదులవుతుంది. ముందే తెలిస్తే సర్జన్ తగిన ఏర్పాటుతో వస్తాడు. కంటికీ మూత్రానికీ ఏం సంబంధమని చెప్పకుండా ఉండొద్దు.

కంటి లెక్కలోనే ఇంకొకటి ఉంది, ఆలస్యం. రెటీనా ఊడిన కన్ను రోజుల లెక్కన పాడవుతుంది. నడిమధ్య భాగం ఇంకా ఊడకపోతే అది మరీ అత్యవసరం. ఎంత ఆలస్యమైతే అంతగా రెటీనా మీద మచ్చలాంటి పొరలు కట్టి, అతికించినా మళ్ళీ ఊడే ప్రమాదం పెరుగుతుంది. మన దగ్గర పత్తి తీతలు అయ్యాక మిరప కోతలు, ఆ తర్వాత కళ్ళాల్లో ఆరబోత, ఆపైన యార్డుకు టిక్కీలు. ‘కాయ అమ్మాక చూపించుకుందాంలే’ అనే మాట మన ఇళ్ళన్నిట్లో వినేదే. శుక్లం అయితే ఆ మాట చెల్లుతుంది. కంటి ముందు హఠాత్తుగా మెరుపులు, నల్లటి చుక్కల వాన, ఒక పక్కనుంచి తెర దిగినట్టు నీడ కనబడితే మాత్రం చెల్లదు. ఆ రోజే బయలుదేరాలి.

రెండోది ఒంటి లెక్క. ఇందులో పెద్దపద్దు షుగరు. షుగరు వల్ల రెటీనా మీద కొత్తగా పిచ్చి రక్తనాళాలు మొలిచిన కళ్ళలో జంట ఆపరేషన్ తర్వాత చిక్కులు ఎక్కువ. వాపు ఎక్కువై కంటి ముందుగదిలో సాలెగూడు లాంటి పొర కడుతుంది. ఐరిస్ వెళ్ళి కొత్త లెన్సుకు అతుక్కుంటుంది. మళ్ళీ రక్తం చిమ్మవచ్చు. రెటీనా నడిమధ్యన నీరు చేరవచ్చు. ఐరిస్ మీదే కొత్త నాళాలు పుట్టి మొండి నీటికాసులు రావచ్చు.

ఈ ఒత్తిడి సంగతి కాలువవాణ్ణి కాబట్టి నాకు తేలిగ్గా అర్థమైంది. కంట్లో నీరు నిరంతరం ఊరుతూ ఉంటుంది, ఐరిస్ మూలన సన్నని జల్లెడ గుండా బయటికి పోతూ ఉంటుంది. రాక, పోక సమానంగా ఉన్నంతకాలం ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆపరేషన్ తర్వాత ఆ జల్లెడకు చెత్త అడ్డుపడినా, ఐరిస్ అతుక్కుని దారి మూసినా, తూము పూడిన చెరువులా లోపల మట్టం పెరుగుతుంది. చెరువుకైతే కట్ట తెగుతుంది. కంట్లో కట్ట తెగదు, వెనక ఉన్న నరం నలిగి చచ్చిపోతుంది. పోయిన నరాన్ని ఏ డాక్టరూ తిరిగి తేలేడు.

అమ్మకు పదిహేనేళ్ళ నుంచి షుగరు. ఆపరేషన్‌కు ముందు ఆ కంటికి చెయ్యి ఊపితే కదలిక తెలిసేది, అంతే. మూడో రోజు కంట్లో పొర కట్టింది, ఒత్తిడి పెరిగింది. గంటగంటకూ చుక్కలు, ఒత్తిడి తగ్గే బిళ్ళలు వేస్తే పది రోజులకు సర్దుకుంది. అది మూడో రోజున దొరకడానికి కారణం ఆ రోజు చూపించుకోవడానికి వెళ్ళడమే. అమ్మకు నొప్పి పెద్దగా లేదు. ‘బాగానే ఉందిగా, ఎందుకురా ఈ ఎండలో’ అన్నది కూడా. ఇప్పుడు ఆ కంటితో మనుషుల ముఖాలు గుర్తుపడుతుంది, పేపర్లో పెద్ద అక్షరాలు చదువుతుంది. చిన్న అక్షరాలు రావు. షుగరు తినేసిన రెటీనా ఎంత మిగిలిందో చూపు అంతే. కొత్త లెన్సు పెట్టినంత మాత్రాన ఫిలిం కొత్తది కాదు.

కాబట్టి ఆపరేషన్ తేదీకన్నా ముందే మూడు నెలల సగటు షుగరు, బీపీ, కిడ్నీల పరిస్థితి చూపించుకోవాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చెప్పాలి. వాటిని మనంతట మనం ఆపకూడదు, గుండె డాక్టరు, కంటి డాక్టరు మాట్లాడుకుని తేల్చాలి. షుగరు ఉన్న ప్రతి ఒక్కరూ చూపు బాగున్నా ఏడాదికోసారి కంటిపాపను విప్పార్చే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకుంటే, ఈ ఆపరేషన్ దాకా రాకుండా చాలామంది తప్పించుకోవచ్చు.

మూడోది ఇంటి లెక్క. నా ప్రసంగంలో ముఖ్యభాగం ఇదే, ఎందుకంటే ఇది పూర్తిగా మన చేతిలో ఉన్నది.

రెటీనాను గోడకు అదిమి ఉంచడానికి ఆపరేషన్ చివర్లో కంట్లో గాలిగానీ, ప్రత్యేకమైన గ్యాసుగానీ, సిలికాన్ నూనెగానీ నింపుతారు. గ్యాసు బుడగ మేస్త్రీ రసమట్టంలోని బుడగలాంటిది. ఎప్పుడూ పైకే పోతుంది. అందుకే తల ఎటు ఉంచితే బుడగ ఏ చోట నొక్కుతుందన్నది తేలుతుంది. రెటీనా మధ్యన చిల్లి ఉంటే బోర్లా ఉండమంటారు. మరో చోట ఉంటే ఒక పక్కకు ఉండమంటారు. వెల్లకిలా పడుకుంటే బుడగ ముందుకు తేలి కొత్త లెన్సును తోస్తుంది. జంట ఆపరేషన్‌లో ఇది ప్రత్యేకమైన ముప్పు. అప్పుడే పెట్టిన లెన్సు ఇంకా కుదురుకోలేదు. అది కదిలి ఐరిస్‌లో చిక్కుకోవచ్చు, ఒత్తిడి పెరగవచ్చు.

రోజుల తరబడి బోర్లా ఉండటం పెద్దవాళ్ళకు నరకమే. మెడ పట్టేస్తుంది, ఊపిరి ఆడనట్టుంటుంది. బల్ల మీద దిండు వేసి నుదురు ఆనించి కూర్చోబెట్టండి. డాక్టరు ఒప్పుకున్నంత మేర మధ్యమధ్యలో లేపండి. పక్కన ఒక మనిషి ఉండి కబుర్లు చెప్పాలి. అందరూ తెల్లారే కోతలకు పోయి ముసలమ్మను ఒక్కదాన్నీ మంచం మీద వదిలేస్తే ఆమె మధ్యాహ్నానికి వెల్లకిలా తిరిగే ఉంటుంది. తప్పు ఆమెది కాదు. మిరపకాయ ఆరబోసిన కళ్ళం పక్కన, తొడిమలు తీసే చోట ఆమె మంచం వేయొద్దు. ఆ ఘాటుకు దగ్గు, తుమ్ములు, కళ్ళ మంట వస్తాయి. చెయ్యి తెలియకుండానే కన్ను నలుపుతుంది.

ఇప్పుడు అమెరికాలో ఉన్నవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు జాగ్రత్తగా వినండి. కంట్లో గ్యాసు ఉండగా విమానం ఎక్కకూడదు. మన సైన్సు మాస్టారు చెప్పిన బాయిల్ సూత్రమే కారణం. పైకి వెళ్ళాక విమానం లోపలి గాలి పీడనం నేల మీద ఉన్నదాంట్లో సుమారు ముప్పావు వంతు. అంటే బుడగ మూడో వంతు ఉబ్బుతుంది. విట్రియస్ గది పరిమాణం సుమారు 4 మిల్లీలీటర్లు. అది గ్యాసుతో నిండి ఉంటే మరో మిల్లీలీటరుకు పైగా చోటు కావాలి. కన్ను సాగే సంచి కాదు. ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగి చూపు శాశ్వతంగా పోవచ్చు. ఇదే లెక్క తిరుమలకు వేశాను, ఎందుకంటే అమ్మ కన్ను బాగైతే తలనీలాలిస్తానని మొక్కుకుంది. తిరుమల సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తు. మన గుంటూరు మైదానం నుంచి వెళితే బుడగ పదో వంతు ఉబ్బుతుంది. డాక్టరు గ్యాసు పూర్తిగా పోయిందని చెప్పేదాకా మొక్కు వాయిదా వేశాం. శ్రీశైలం ఘాటుకైనా అంతే, అడిగి వెళ్ళండి. వాడిన గ్యాసును బట్టి బుడగ కరగడానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. ఈలోగా వేరే ఆసుపత్రిలో ఏదైనా ఆపరేషన్ అవసరమైతే కంట్లో గ్యాసు ఉందని మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి. నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇస్తే బుడగ ఉబ్బిపోతుంది. చేతికి పట్టీ వేసి పంపితే దాన్ని తీసేయకండి.

నూనె నింపిన కంటికి విమానం భయం లేదు, వేరే భయం ఉంది. నూనె దానంతటది కరగదు. సాధారణంగా కొన్ని నెలలకు మరో చిన్న ఆపరేషన్ చేసి తీయాలి. మా ఊళ్ళో పత్తివేసే రైతు ఒకాయన చూపు కాస్త వచ్చిందని తృప్తిపడి రెండేళ్ళు మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కలేదు. నూనె చిలికినట్టు చిన్న బొట్లై ముందుకు వచ్చింది, ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది. వచ్చిన చూపు మళ్ళీ పోయింది. ఆయనకు ‘నూనె తీయాలి, ఫలానా నెలలో రావాలి’ అని ఇంట్లో గుర్తుచేసేవాళ్ళు లేరు.

చుక్కల మందుల గురించి ఒక మాట. వాపు తగ్గించే స్టెరాయిడ్ చుక్కలు మధ్యలో మానేస్తే వాపు తిరగబెడుతుంది. డాక్టరు చెప్పిన గడువు దాటినా మందుల షాపులో కొనుక్కుని వేస్తూ పోతే కొందరికి కంటి ఒత్తిడి పెరుగుతుంది. కాగితం మీద రాసినట్టే వేయాలి. నొప్పి, ఎరుపు పెరిగి, చూపు తగ్గుతూ ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. నొప్పితో పాటు వాంతులైతే ఒత్తిడి కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా బయలుదేరాలి. ఆరెంపీ డాక్టరు ఇచ్చే చుక్కలతో ఆ రాత్రి గడపకండి.

భయపడాల్సినవి కాని మార్పులూ ఉన్నాయి. కళ్ళద్దాల పవరు అనుకున్నదానికన్నా కొంచెం తేడా రావచ్చు. ఊడిన రెటీనాతో కంటి పొడవు కొలవడం కష్టం, గ్యాసు కూడా లెన్సును కాస్త జరపగలదు. అందుకే కుదురుకున్నాకే అద్దాలు రాయించుకోవాలి. నెలలు గడిచాక కొత్త లెన్సు వెనక పొర మసకబారితే, అది లేజరుతో పోయేదే.

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం పెట్టేముందు డాక్టరును ఈ ఆరు ప్రశ్నలు అడగండి.

1. ఒకేసారి ఎందుకు, విడివిడిగా చేస్తే ఏమిటి?
2. మా మనిషి విషయంలో అన్నిటికన్నా పెద్ద ముప్పు ఏది? దాన్ని తగ్గించడానికి ముందుగా మేమేం చేయాలి?
3. రెటీనా పరిస్థితిని బట్టి ఏ మేరకు చూపు ఆశించవచ్చు?
4. కంట్లో నింపేది గాలా, గ్యాసా, నూనా? ఎన్నాళ్ళుంటుంది?
5. తల ఎలా ఉంచాలి, ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని గంటలు?
6. ఏయే తేదీల్లో రావాలి? రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోను చేయాలి?

ముప్పు ఉందంటే కీడు జరిగి తీరుతుందని కాదు. మేం కాలువ కట్టేటప్పుడు వరద వస్తుందని లెక్క కట్టి డిజైన్ చేస్తాం. వరదను ఆపలేం, గట్టు ఎత్తు మాత్రం మన చేతిలో ఉంటుంది. మొదటి రెండు లెక్కల్లో ఎంత బరువున్నా, మూడో లెక్క సరిగ్గా ఉంటే చాలా చిక్కులు చిన్నవిగా ఉండగానే దొరుకుతాయి.

చివరగా మన సంఘానికి మూడు ప్రతిపాదనలు. మొదటిది, ఏటా జరిగే ఆత్మీయ సమ్మేళనం రోజున షుగరు ఉన్న పూర్వ విద్యార్థులకు, గురువులకు, ఊరివాళ్ళకు రెటీనా పరీక్ష ఏర్పాటు చేద్దాం. రెండోది, బోర్లా కూర్చోవడానికి నుదురు ఆనించే బల్లలు రెండు చేయించి బడిలో ఉంచుదాం. మన బ్యాచ్‌లోనే వడ్రంగం తెలిసినవాళ్ళున్నారు, కొలతలు నేనిస్తాను. అవసరమైన ఇంటికి పంపి, పనయ్యాక తెప్పించుకోవచ్చు. మూడోది, తోడు జాబితా. పిల్లలు దూరదేశాల్లో ఉన్న మన మాస్టార్లు, టీచర్లు, తల్లిదండ్రులు ఎందరో ఈ చుట్టుపక్కలే ఒంటరిగా ఉన్నారు. ఎవరికి ఆపరేషన్ జరిగినా మొదటి రోజు, మూడో రోజు, వారం, నెల తనిఖీలకు వెంటబెట్టుకు వెళ్ళేవాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు రాసి పెట్టుకుందాం. నూనె తీయాల్సిన నెల కూడా అందులోనే రాద్దాం. విదేశాల్లో ఉన్నవాళ్ళు కారు ఖర్చు పంపండి, ఇక్కడున్నవాళ్ళం మనిషిని పంపుతాం.

ఆ జాబితాలో మొదటి పేరు నాది రాసుకోండి. కాగితం వెనక వరసలో రిజిస్ట్రేషన్ బల్ల మీద ఉంది. భోజనాలకు వెళ్ళేముందు మిగతావాళ్ళు కూడా రాస్తే సంతోషిస్తాను.